బండ్లు కదలని నెలల్లో కార్ల షోరూము ఎలా నిలబడుతుంది? తమ్ముడి ఉద్యోగం గురించి సలహా కావాలి

నాగావళి ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇక్కడ ఒడిశా సరిహద్దులోని రాయగడలో ఒక కార్ల షోరూములో ఉద్యోగం వచ్చింది. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి ముందు హాల్లో అమ్మకాలు, రెండోది వెనక వర్క్‌షాపులో సర్వీసు అడ్వైజరు పని, అంటే వచ్చిన బండ్లు చూసి ఏం చేయాలో యజమానులతో మాట్లాడి రాసుకోవడం. అమ్మకాల్లో జీతం మీద ఇన్సెంటివ్ బాగా ఉంటుందని వాడు అటే మొగ్గుతున్నాడు. నాన్నగారు జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు అసలు ఈ వ్యాపారం మీదే నమ్మకం లేదు. "చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం మొదట మానుకునేది కారు. రేపు షోరూము మూసేస్తే పిల్లవాడి గతి ఏమిటి?" అంటున్నారు.

ఆయన మాట కొట్టిపారేయలేకపోతున్నాను. రోజూ ఆ షోరూము ముందునుంచే వెళ్తాను. కొన్ని నెలల్లో లోపల ఒక్క మనిషి కనబడడు. అయినా ఏసీ నడుస్తుంది, జీతాలు అందుతున్నాయి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోంది? లోపలి సంగతి తెలిసినవారు దయచేసి చెప్పండి.

బరంపురం లెక్కలు (బరంపురం)

నేను ఇక్కడ ఒక డీలరు దగ్గర లెక్కల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. పేరు వద్దు, పద్ధతి అన్నిచోట్లా ఒకటే. ముందు హాల్లో మెరిసే కార్ల మీద డీలరుకు మిగిలేది మంచి రోజుల్లోనే చాలా తక్కువ. చెడ్డ రోజుల్లో చేతినుంచి పడుతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. షోరూము ధర 8 లక్షల కారు, డీలరు మార్జిన్ నూటికి నాలుగు అనుకోండి. 32 వేలు. ఆ కారును డీలరు సొంత సొమ్ముతో తేడు, బ్యాంకు అప్పుతో తెస్తాడు. మొదట కొన్ని రోజుల వెసులుబాటు ఇస్తారు, ఆ తర్వాత వడ్డీ పరుగు మొదలవుతుంది. ఏడాదికి నూటికి పది చొప్పున చూసినా నెలకు 6,600 పైమాట. ఆ కారు మూడు నెలలు యార్డులో ఎండకు ఎండి వానకు తడిస్తే దాదాపు 20 వేలు వడ్డీకే పోయాయి. మిగిలిన 12 వేలలోంచి అమ్మిన కుర్రాడి ఇన్సెంటివ్, టెస్ట్ డ్రైవ్ పెట్రోలు, పూలదండ, మిఠాయి పెట్టె. ఆపైన కొనేవారు తాళం చేతికి తీసుకునే ముందు ఇంకో పదివేలు తగ్గించమంటారు. ఇక మిగిలేదేమిటో మీరే చూసుకోండి.

డీలర్ల సమాఖ్య ఫాడా ఎప్పటినుంచో 21 రోజుల అమ్మకాలకు సరిపడా నిల్వ చాలని కంపెనీలతో మొత్తుకుంటోంది. 2024 దసరా ముందు దేశం మొత్తం మీద నిల్వ 80-85 రోజులకు సరిపడేంతగా పెరిగిందని, వాటి విలువ 79 వేల కోట్ల రూపాయలని ఆ సమాఖ్యే ప్రకటించింది. పైన చెప్పిన వడ్డీని ఆ మొత్తానికి వేసి చూడండి, డీలరుకు నిద్ర ఎందుకు పట్టదో అర్థమవుతుంది.

నాగావళి ఒడ్డు

ధన్యవాదాలు లెక్కలు గారూ. అలాంటప్పుడు అమ్ముడుపోవని తెలిసి కూడా డీలరు కంపెనీ దగ్గర కార్లు ఎందుకు తీసుకుంటాడు? వద్దనవచ్చు కదా?

కొండదారి (జయపురం)

దీనికి నేను చెబుతాను, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి. కంపెనీ నెలకింత, మూడు నెలలకింత అని లక్ష్యం పెడుతుంది. లక్ష్యం దాటితే ప్రతి కారు మీద బోనసు వస్తుంది, దాటకపోతే అసలే రాదు. నలభై కార్ల లక్ష్యంలో ముప్పై ఏడు దగ్గర ఆగిపోతే మిగతా మూడింటిని నష్టానికి ఇచ్చినా డీలరుకు లాభమే, ఎందుకంటే బోనసు నలభైకీ వస్తుంది. నెలాఖరు రోజుల్లో షోరూమునుంచి ఒకటికి నాలుగుసార్లు ఫోన్లు వచ్చేది అందుకే. కొనేవారికి అసలైన తగ్గింపు దొరికేది కూడా అప్పుడే. డిసెంబరులో అయితే ఇంకా ఎక్కువ, జనవరి వస్తే ఆ బండి పోయిన ఏడాది మోడల్ అయిపోతుంది.

ఇక మా వైపు డీలర్లకు ఒక ఆసరా ఉంది, మైదానంలో వాళ్లకు అంతగా ఉండదు. దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, సునాబెడలో విమాన ఇంజిన్ల సంస్థ హెచ్‌ఏఎల్, టికిరి దగ్గర ఉత్కళ్ అల్యూమినా. వీటిలో పనిచేసే గుత్తేదార్లకు మనుషుల్ని, సామాను తిప్పడానికి బండ్లు కావాలి. ఊళ్లో డబ్బు ఆడకపోయినా ఆ ఒప్పందాలు నడుస్తూనే ఉంటాయి. గుత్తేదారుకు ఒకేసారి ఐదారు బండ్లు ఇచ్చేటప్పుడు మార్జిన్ పెద్దగా ఉండదు. అయినా అవి కొండదారుల్లో విపరీతంగా తిరిగి నెలనెలా మళ్లీ వర్క్‌షాపుకే వస్తాయి. అసలు సంపాదన అక్కడ.

ఘాట్ రోడ్డు (సునాబెడ)

కొండదారి అన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకు అద్దెకు తిప్పే బండ్లున్నాయి. సాలూరునుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి మీదుగా రోజూ వచ్చే బండికి క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు మైదానంలో తిరిగే బండికంటే చాలా ముందే పోతాయి. వర్షాకాలం వెళ్లాక కిందికి వంగి చూస్తే సైలెన్సరు చుట్టూ తుప్పు.

రాబడి తగ్గిన ఏడాది నేను ఏం చేశానో చెబుతాను. పాత బండి అమ్మి కొత్తది తీసుకోవాలన్న ఆలోచన మానుకున్నాను. ఉన్నదానికే ఇంజిన్ పని చేయించి, టైర్లు మార్చి, మరో రెండేళ్లు లాగాలని నిర్ణయించుకున్నాను. నాలాంటివాళ్లు పదిమంది అలాగే చేశారు. ముందు హాలు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే వెనక వర్క్‌షాపులో బండి పెట్టడానికి చోటు దొరకలేదు. డబ్బు తక్కువైనప్పుడు జనం కారు కొనడం మానేస్తారు కానీ తిరగడం మానరు.

బరంపురం లెక్కలు

ఘాట్ రోడ్డు తమ్ముడు అసలు విషయం పట్టుకున్నాడు. మేము నెలనెలా యజమానికి చూపించే కాగితంలో ఒక అంకె ఉండేది: వర్క్‌షాపు, విడిభాగాల మీద వచ్చే ఆదాయం మొత్తం సంస్థ స్థిర ఖర్చుల్లో ఎంత వంతు మోస్తోంది? అంటే అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ. దాన్ని సర్వీసు అబ్సార్ప్షన్ అంటారు. నూటికి ఎనభై, తొంభై ఉన్న డీలరు ఒక్క కారు అమ్మకపోయినా కొన్ని నెలలు ఊపిరి పీలుస్తాడు. నలభై ఉన్నవాడు ఎంత పెద్ద అద్దాల మేడ కట్టినా మొదటి గాలివానకే పోతాడు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 2009లో క్రైస్లర్ దివాలా తీసినప్పుడు 789 మంది డీలర్ల ఒప్పందాలు రద్దు చేసింది. ఆ గడ్డుకాలంలో అక్కడి పెద్ద డీలర్ సంస్థలను నిలబెట్టింది సర్వీసు, విడిభాగాలు, పాత కార్లు. మన దగ్గర 2017లో జనరల్ మోటార్స్ అమ్మకాలు ఆపింది, 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నామని ప్రకటించింది. కొత్త కారు ఒక్కటీ లేకపోయినా ఆ కార్ల వర్క్‌షాపులు కొన్ని ఆ తర్వాత కూడా నడిచాయంటే, రోడ్డు మీద ఉన్న పాత బండ్ల బలం అది.

పర్లాకిమిడి మాస్టారు (పర్లాకిమిడి)

మీరంతా డీలరు కష్టాలు చెబుతున్నారు. కొనేవాడి కష్టం కూడా వినండి. నేను కారు తీసుకున్నప్పుడు బీమా తమ దగ్గరే చేయించాలని, బయట చేయిస్తే డెలివరీ ఆలస్యమవుతుందని చెప్పారు. అదే కారుకు అదే రకం పాలసీ బయట అడిగితే చాలా తక్కువ చెప్పారు. నేను అడిగి తెచ్చుకున్న కొటేషన్ చూపించాక షోరూము వారు వెంటనే ఆ ధరకే దిగివచ్చారు. అంటే మధ్యలో ఉన్నది ఎవరి సొమ్ము? కష్టకాలంలో నిలబడటానికి ఇలా బలవంతం చేయడం న్యాయమా?

బరంపురం లెక్కలు

న్యాయం కాదు మాస్టారూ. బలవంతం చేయడానికి వీల్లేదు కూడా. బీమా నియంత్రణ సంస్థ 2017లోనే డీలర్లు పాలసీలు అమ్మడానికి నియమాలు పెట్టింది. ఎక్కడ చేయించుకోవాలన్నది కొనేవారి ఇష్టం. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని ధర ఎవరి దగ్గరైనా ఒకటే. తేడా అంతా మన సొంత కారుకు జరిగే నష్టానికి కట్టే భాగంలోనూ, జీరో డిప్రీసియేషన్ (భాగాల అరుగుదల కోయకుండా సొమ్ము ఇచ్చేది) వంటి అదనపు రక్షణల్లోనూ ఉంటుంది. బేరం చేయవలసింది అక్కడే.

అయితే డీలరు బీమాకోసం అంతగా పాకులాడటానికి కమీషను ఒక్కటే కారణం కాదు. షోరూములో చేయించిన పాలసీ ఉన్నవాడు గుద్దుకున్నప్పుడు ఆ వర్క్‌షాపుకే వస్తాడు. డెంటింగ్, పెయింటింగ్ పని మామూలు సర్వీసుకంటే ఎంతో ఎక్కువ రాబడి. డబ్బు కట్టేది బీమా కంపెనీ కాబట్టి యజమాని బేరం ఆడడు. ప్రతి ఏడాదీ రెన్యువల్ ఫోను వచ్చేది ఇందుకే. కొత్త కార్ల అమ్మకం సగానికి పడినా, వెనకటి ఐదేళ్లలో అమ్మిన కార్ల రెన్యువల్ ఆగదు.

అప్పు ఇప్పించినందుకు బ్యాంకు నుంచి డీలరుకు కొంత వస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ, సీటు కవర్లు, మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, వీటన్నింటి మీదా కారు మీదకంటే మార్జిన్ ఎక్కువ. 10 లక్షలు దాటిన కారు బిల్లులో కనిపించే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) మాత్రం డీలరు జేబులోకి వెళ్లదు, ఆదాయపు పన్ను లెక్కలో మీకే జమ అవుతుంది. చాలామంది దాన్ని కూడా షోరూము దోపిడీ అనుకుంటారు.

జాబ్ కార్డు (రాయగడ)

నేను ఒక షోరూములో సర్వీసు అడ్వైజరుని. మీ తమ్ముడి ముందున్న రెండు పనుల్లో ఇదొకటి కాబట్టి లోపల ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ఉదయం ఎనిమిదిన్నరకు బండ్ల వరస మొదలవుతుంది. బండి చుట్టూ తిరిగి గీతలు, నొక్కులు రాసుకోవాలి, కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు రాసుకోవాలి, యజమాని చెప్పిన ఫిర్యాదు ఆయన మాటల్లోనే రాయాలి. తర్వాత మా నోటినుంచి వచ్చేవి ఉంటాయి: ఏసీ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం), అండర్ బాడీ కోటింగ్, వీల్ అలైన్‌మెంట్. వీటికి మాకు నెలకింత అని లక్ష్యం ఉంటుంది. అమ్మకాలు పడిపోయిన నెలలో ఆ లక్ష్యం పెరుగుతుంది. పైనుంచి ఒత్తిడి వస్తుంది, దాన్ని మేము బండి యజమాని మీద పెడతాం. ఇది నాకు నచ్చదు. అందుకే నేను చేసే పని ఒకటుంది. కొండ రోడ్డులో తిరిగే బండికి అలైన్‌మెంట్, అండర్ బాడీ కోటింగ్ నిజంగా అవసరం, అవి గట్టిగా చెబుతాను. ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని పెట్రోలు బండికి డీకార్బనైజింగ్ చేయించమని ఎవరికీ చెప్పను. నమ్మకం కుదిరిన యజమాని పదేళ్లు నా దగ్గరికే వస్తాడు, అతని చుట్టాల బండ్లూ వస్తాయి. నా లక్ష్యం ఎక్కువ నెలల్లో వాటితోనే నిండుతుంది.

మాస్టారు గారికి ఒక మాట. పని మొదలయ్యే ముందే అంచనా కాగితం అడిగి తీసుకోండి. వద్దనుకున్నవి అక్కడే కొట్టేయించండి. మార్చిన పాత భాగాలు చూపించమనండి, చూపించడం మా బాధ్యత. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. పాత రేటు పడిందేమో బిల్లులో చూసుకోండి.

గుణుపురం పత్తి (గుణుపురం)

పాత కార్ల మాట ఎవరూ ఎత్తలేదు. మా వైపు పత్తి ధర బాగాలేని ఏడాది కొత్త కారు తీసుకుందామనుకున్న రైతు పాత కారు వైపు దిగుతాడు, పాతది ఉన్నవాడు దాన్నే అంటిపెట్టుకుంటాడు. డీలరు ఎక్స్‌ఛేంజిలో తీసుకున్న బండిని బాగుచేయించి, వారంటీ అని కాగితం ఇచ్చి అమ్మితే కొత్త కారు మీద రానంత మిగులుతుంది. బాగుచేసేది సొంత వర్క్‌షాపే కాబట్టి ఆ ఖర్చు కూడా లోపలే తిరుగుతుంది. 2024 డిసెంబరులో జైసల్మేర్ సమావేశంలో జీఎస్టీ మండలి పాత కార్ల పన్నును 18 శాతం చేసింది. కానీ అది కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే. మొత్తం ధర మీద అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

సరిహద్దు కాబట్టి మనకు ఒక చిక్కు ఉంది. ఒడిశా (ఓడీ) నంబరు బండిని ఆంధ్రాలోని పార్వతీపురం వాడికి అమ్మాలంటే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, అక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు తెచ్చుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగాలి. అందుకే మన బండికి ఆవలి పక్క ధర పలకదు. డీలరు కూడా మనకు ధర కట్టేటప్పుడు ఆ సాకు చెబుతాడు, తాను మాత్రం రాయగడలోనే అమ్ముకుంటాడు. ఎక్స్‌ఛేంజికి ఇచ్చే ముందు బయట ఇద్దరు ముగ్గుర్ని ధర అడిగి వెళ్లండి.

కొండదారి

సరిహద్దు వల్ల మేలు కూడా ఉంది గుణుపురం అన్నా. ఆషాఢంలో మన తెలుగువాళ్లు కొత్త బండి తీసుకోరు. ఒడియావాళ్లు అదే ఆషాఢంలో రథయాత్ర రోజున వెతుక్కుని మరీ డెలివరీ తీసుకుంటారు. శ్రావణం రాగానే మనవాళ్లు కదులుతారు. దసరాకు ఇద్దరూ వస్తారు, తర్వాత ధనత్రయోదశి. విజయనగరంలో షోరూముకు పూర్తిగా ఎండిపోయే నెల, ఇక్కడ సగమైనా తడుస్తుంది. మజ్జిగౌరమ్మ గుడి ముందు పూజకు నిలబెట్టిన కొత్త బండ్లను చూడండి, రెండు రాష్ట్రాల నంబర్లూ ఉంటాయి.

పండుగలు ఆదుకోని సందర్భం 2025లో వచ్చింది. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామన్నారు. సెప్టెంబరు 3న మండలి నిర్ణయం, 22న అమలు. చిన్న కార్ల మీద 28 శాతం, ఆపైన సెస్సు ఉన్నది 18 శాతానికి దిగింది. కొనేవారికి మంచి వార్తే. కానీ మధ్యలో ఆ ఐదు వారాలు, వినాయక చవితి రోజుల్లో కూడా, బుక్ చేసినవారు డెలివరీ వాయిదా వేసుకున్నారు. పాత సెస్సు కట్టి తెచ్చిన నిల్వ యార్డులో ఉంది, దాని వడ్డీ ఆగలేదు. ఆ నెలలో మా దగ్గర పనిచేసినవాళ్లకు జీతం వర్క్‌షాపు గల్లానుంచే వెళ్లింది. 22 తర్వాత జనం విరగబడి వచ్చారనుకోండి.

నాగావళి ఒడ్డు

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఖర్చు తగ్గించుకోవాలంటే డీలరు మొదట ఎవర్ని పంపిస్తాడు?

బరంపురం లెక్కలు

అమ్మకాలవాళ్లను. చేదుగా ఉన్నా నిజం అదే. 2019లో మే నుంచి జూలై వరకు మూడు నెలల్లోనే దేశంలో డీలర్ల దగ్గర సుమారు రెండు లక్షల ఉద్యోగాలు పోయాయని ఫాడా చెప్పింది. వాటిలో ఎక్కువ ముందు హాలువే. వాళ్లలో కొందరి చివరి జీతం లెక్కలు నేనే వేశాను, పెళ్లయి ఏడాది కాని కుర్రాళ్లు ఉన్నారు. అప్పటికే 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 4 (పాత కాలుష్య ప్రమాణం) బండ్ల రిజిస్ట్రేషన్ ఆగిపోతుందన్న భయం. తీరా ఆ ఏప్రిల్ వచ్చేసరికి లాక్‌డౌన్. దేశంలో అతిపెద్ద కార్ల కంపెనీ మారుతీ ఆ నెల దేశీయంగా ఒక్క కారు కూడా అమ్మలేదు.

మెకానిక్‌ని, పెయింటర్‌ని ఎవరూ తొందరపడి పంపరు. మళ్లీ దొరకరు. సర్వీసు అడ్వైజరు కూడా అంతే, యజమానుల పేర్లూ బండ్ల జబ్బులూ అతని తలలో ఉంటాయి. డీలరు మొదట చిన్న ఊళ్లలోని అమ్మకాల శాఖలు మూసి, అక్కడికి వారానికి ఒకసారి మొబైల్ సర్వీసు వ్యాను పంపుతాడు. చిన్న ఊరి అద్దె మిగులుతుంది, బండ్లు చేజారిపోవు.

కొండదారి

లెక్కలు గారితో కొంచెం విభేదిస్తాను. మాటకారి అయిన కుర్రాడు అమ్మకాల్లో రెండు మూడు మంచి పండుగ సీజన్లు చూస్తే సర్వీసులో ఐదేళ్లకు వచ్చేది కూడబెట్టగలడు. నేను అలాగే ఇల్లు కట్టాను. కానీ ఇంటి మీద అప్పు, తల్లిదండ్రుల బాధ్యత ఉన్నవాడికి ఆ ఎగుడుదిగుడు తట్టుకోవడం కష్టం. మీ తమ్ముడి పరిస్థితి మీకే తెలుసు.

నాగావళి ఒడ్డు

నిన్న తమ్ముడు మళ్లీ వెళ్లి మాట్లాడి వచ్చాడు. లెక్కలు గారు చెప్పిన అంకె అడిగితే మేనేజరు మొదట ఆశ్చర్యపోయి, కచ్చితంగా చెప్పలేదు కానీ ఖర్చుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా వర్క్‌షాపే మోస్తోందన్నారు. బీమా క్లెయిములు చూసే బల్ల దగ్గర కూడా ఒక ఖాళీ ఉందట, వాడికి కంప్యూటర్ పని బాగా వచ్చు కాబట్టి ఇష్టమైతే అది ఇస్తామన్నారు. జీతం సర్వీసు అడ్వైజరుకంటే కొద్దిగా తక్కువ. నాన్నగారు దానికి సరేనన్నారు. వాడే ఇంకా తేల్చుకోలేదు.

జాబ్ కార్డు

క్లెయిముల బల్ల మంచిదే, కానీ మొదట ఒక ఏడాది సర్వీసు అడ్వైజరుగా చేయమనండి. గుద్దుకున్న బండిలో ఏ భాగం మార్చాలో, ఏది సరిచేస్తే సరిపోతుందో తెలియకుండా బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరుతో మాట్లాడటం చాలా కష్టం. ఆ ఏడాది బండ్ల కింద దూరి చూసిన అనుభవం ఉంటే తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరూ అతన్ని మాయ చేయలేరు. సోమవారం ఉదయం తొమ్మిదిలోపు మాత్రం వర్క్‌షాపుకు రావద్దని చెప్పండి, ఆ గంటలో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మధ్యాహ్నం వస్తే నేనే దగ్గరుండి అంతా చూపిస్తాను.